ఆటోమేటిక్ డైవర్ వాచీ: యాభై వేల లోపు ఏది ఎవరికి?

సెల్లు లేకుండా చేతి కదలికతోనే కీ ఎక్కే ఆటోమేటిక్ వాచీ కొనాలనుకున్నవాళ్ల వెతుకులాట చాలాసార్లు, నీళ్ల అడుక్కి దిగేవాళ్ల కోసం పుట్టిన డైవర్ వాచీల దగ్గరికొచ్చి ఆగుతుంది. చూడటానికి గట్టిగా ఉంటాయి. ఆఫీసుకీ పెళ్లికీ ఒకటే సరిపోతుంది. వాన మొదలైతే తీసి జేబులో వేసుకోవాల్సిన పని లేదు. చిక్కల్లా ఎంపికలోనే. ఓరియంట్ కమాసు, సీకో 5 స్పోర్ట్స్, సిటిజెన్ ప్రోమాస్టర్, సీకో టర్టిల్ ఫొటోలు పక్కపక్కన పెడితే నాలుగూ దాదాపు ఒకే రకంగా కనిపిస్తాయి. అన్నిటికీ తిరిగే అంచు, మెరిసే గుర్తులు, స్టీలు బాడీ ఉంటాయి. ధరల్లో మాత్రం బాగా తేడా ఉంటుంది. ఆ తేడా దేనికి కడుతున్నామో తెలియక జనం వారాల తరబడి రివ్యూలు చూస్తూ ఉండిపోతారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డైవర్ వాచీలో డబ్బు పెట్టాల్సింది రెండిటికి: నీళ్లను బయటే ఆపే భాగాలకీ, ఒక్క చూపులో టైము తెలియడానికీ. బ్రాండు పేరు, డయల్ రంగు, వెనక అద్దంలోంచి కనిపించే మిషను అందం, ఇవన్నీ ఆ తర్వాతే. ఈ లెక్కన చూస్తే ఈ నాలుగిట్లో బాగా పేరున్న ఒకటి అసలు డైవర్ వాచీయే కాదు. అది చెడ్డ వాచీ అని కాదు, దాన్ని డైవర్ అనుకుని కొనకూడదంతే.

## ముందు నీళ్ల సంగతి

డయల్ మీద 200 మీటర్లు అని రాసి ఉంటే, ఆ లోతున కదలని నీళ్లలో ఉండే ఒత్తిడిని, అంటే సుమారు 20 బార్లను, తట్టుకునేలా తయారుచేశారని అర్థం. ఆ లోతుకి మనం వెళ్లేది లేదు. స్కూబా, అంటే గాలి సిలిండర్ కట్టుకుని దిగడం, నేర్చుకుని తీసుకునే మొదటి సర్టిఫికెట్‌తో దిగగలిగేది 18 మీటర్ల వరకే. సరదా డైవింగ్‌కి మొత్తం మీద పెట్టుకున్న హద్దు 40 మీటర్లు. లోతు అంకె ఒక్కటే చూసుకుంటే 100 మీటర్ల వాచీ కూడా ఎక్కువే.

ఈత కొట్టేటప్పుడు చేతి ఊపుకి వాచీ మీద ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుందని, అందుకే పెద్ద అంకె కావాలని చాలామంది చెబుతారు. ఇది లెక్కకి నిలవదు. నీళ్లలో చెయ్యిని సెకనుకు 5 మీటర్ల వేగంతో ఊపినా అదనంగా పడే ఒత్తిడి ఇంకో 1.3 మీటర్ల లోతుకు దిగినప్పటి ఒత్తిడితో సమానం. వాచీల్లోకి నీళ్లు వెళ్లడానికి అసలు కారణాలు వేరు. క్రౌన్‌ని, అంటే పక్కన ఉండే కీ బుడిపెని, సరిగా మూయకపోవడం ఒకటి. ఎండకీ చెమటకీ సబ్బుకీ ఏళ్ల తరబడి ఓర్చి గట్టిపడిపోయిన లోపలి రబ్బరు రింగులు ఇంకొకటి. సర్వీసు పేరుతో వెనక మూత తీసి, రింగుకి గ్రీజు రాయకుండా బిగించేయడం మూడోది. గీజర్ నీళ్లతో వేడి వేడిగా స్నానం చేస్తూ వాచీ తీయనివాళ్లు ఆ రబ్బరు రింగుల ఆయుష్షును చేజేతులా తగ్గించుకుంటున్నారు. వాచీ మీద ఎంత పెద్ద అంకె ఉన్నా ఇది మాత్రం మానుకోవాలి.

అందుకే అంకె కన్నా ముందు క్రౌన్‌ని చూడాలి. అసలైన డైవర్‌కి అది మర తిప్పి బిగించేలా ఉంటుంది. పొరపాటున తగిలినా తెరుచుకోదు. లాగి, నొక్కే మామూలు క్రౌన్ ఉన్న వాచీలో కూడా రబ్బరు రింగు ఉంటుంది, నీళ్లు ఆగుతాయి కూడా. కానీ బెల్టుకో చొక్కా చేతికో పట్టుకుని కొంచెం బయటికి జరిగిందంటే మీకు తెలియదు.

తర్వాత ఐఎస్‌ఓ 6425. డైవర్ వాచీలకి అంతర్జాతీయంగా ఉన్న ప్రమాణం ఇది. దీని ప్రకారం వాచీ కనీసం 100 మీటర్ల లోతుని తట్టుకునేది కావాలి. రాసుకున్న లోతు కన్నా 25 శాతం ఎక్కువ ఒత్తిడిలో పరీక్ష పెట్టాలి. ఉప్పునీళ్లలో నానబెట్టాలి. మీటరుకు 4,800 ఆంపియర్ల అయస్కాంత క్షేత్రాన్ని తట్టుకోవాలి. చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైము కనిపించాలి, వాచీ నడుస్తోందో ఆగిందో కూడా తెలియాలి. డైవర్ వాచీల సెకన్ల ముల్లు మీద ఒక మెరిసే చుక్క ఉండేది ఇందుకే. అన్నిటికన్నా ముఖ్యంగా, మామూలు వాచీల్లో నమూనాకి కొన్నిటిని తీసి పరీక్షిస్తే సరిపోతుంది. ఇక్కడ ప్రతి వాచీనీ నీటి పరీక్షకి పెట్టాలి.

దుకాణంలో దీన్ని గుర్తుపట్టడం తేలికే. ప్రమాణం దాటిన వాచీ డయల్ మీద "డైవర్స్ 200" అన్న మాట ఉంటుంది. ఉత్త "వాటర్ రెసిస్టెంట్ 200" అనో, "200 మీటర్లు" అనో మాత్రమే ఉంటే కంపెనీ తన సొంత పరీక్ష మీద చెబుతోందని అర్థం. రెండో రకం పనికిరాదని నేననను. ఈతకీ సముద్ర స్నానానికీ అది చాలు. సిలిండర్ కట్టుకుని నీళ్ల అడుక్కి దిగేవాళ్లు మాత్రం మొదటి రకమే తీసుకోవాలి.

## అంచు, మెరుపు, అద్దం

చుట్టూ తిరిగే అంచుని బెజెల్ అంటారు. దిగేటప్పుడు దాని మీది త్రికోణాన్ని నిమిషాల ముల్లుకి ఎదురుగా పెడితే, ఆ తర్వాత ఎన్ని నిమిషాలు గడిచాయో అంచు మీదే చదువుకోవచ్చు. అది ఒక్క వైపే తిరుగుతుంది. పొరపాటున దేనికైనా తగిలి జరిగినా గడిచిన టైము ఎక్కువ చూపిస్తుందే తప్ప తక్కువ చూపించదు. అంటే డైవరు తొందరగా పైకి వస్తాడు, గాలి అయిపోయేదాకా ఉండిపోడు. ఈ రోజుల్లో డైవర్ల చేతికి లోతు, టైము లెక్కగట్టే డైవ్ కంప్యూటర్ ఉంటుంది కాబట్టి బెజెల్ ఇప్పుడు రెండో తోడు మాత్రమే. ఇంట్లో మాత్రం రోజూ పనికొస్తుంది. బిర్యానీ దమ్ మీద పెట్టిన టైము, బండి పార్క్ చేసిన టైము, పిల్లలు పరీక్ష రాయడం మొదలుపెట్టిన టైము, అన్నిటికీ ఫోను తీయకుండా పని అయిపోతుంది. అందుకే తడి చేత్తో పట్టుకున్నా తిరిగేలా ఉందా లేదా అన్నది నేను తప్పకుండా చూస్తాను.

రేడియం అని మనం పిలిచే పూత ఇప్పటి వాచీల్లో రేడియోధార్మికత లేనిది. వెలుతురును పీల్చుకుని చీకట్లో వదులుతుంది. ఎంత మందంగా పూస్తే అంత సేపు మెరుస్తుంది. సీకో ఈ విషయంలో చాలా ఏళ్లుగా ముందుంది.

అద్దం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే రోజూ కళ్ల ముందుండేది అదే. మామూలు మినరల్ అద్దం కాఠిన్యం మోస్ కొలతలో 6 కన్నా కొంచెం తక్కువ. సీకో వాడే హార్డ్‌లెక్స్ దాన్నే గట్టిపరిచింది. సఫైర్‌ది 9. ఈ అంకెలు మన ఇళ్లకి ఎందుకు ముఖ్యమంటే, ఇసుకలోనూ గ్రానైట్‌లోనూ ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం 7. అంటే సిమెంటు గోడకీ, వంటింటి గ్రానైట్ గట్టుకీ, బీచ్ ఇసుకకీ రాసుకుంటే మినరల్ అద్దం మీద గీత పడుతుంది, సఫైర్ మీద పడదు. దానికి బదులుగా సఫైర్ పెళుసు. రాతి నేల మీద అద్దం వైపుగా పడితే పగిలే అవకాశం దానికే ఎక్కువ. గీతలు రోజూ పడతాయి, వాచీ కింద పడటం ఎప్పుడో ఒకసారి. నేనైతే సఫైర్ వైపే.

## సైజు, మిషను

వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లన్నది సగం కథే. బెల్టు తగిలించే పై కొమ్ము కొస నుంచి కింది కొమ్ము కొస వరకు ఉండే పొడవు, దీన్నే లగ్ టు లగ్ అంటారు, అసలు తేల్చేది. స్కేలుతో మీ మణికట్టు పైభాగం ఎంత చదునుగా ఉందో కొలవండి. వాచీ కొమ్ములు ఆ కొలత దాటి గాల్లో ఉంటే అది మీకు పెద్దది. 45 మిల్లీమీటర్ల వెడల్పున్న వాచీ కూడా కొమ్ములు పొట్టిగా ఉంటే సన్నటి చేతికి ఒదుగుతుంది. 42 ఉన్నది కొమ్ములు పొడవైతే ఒదగదు.

మిషను గురించి ఆశలు సరిగ్గా పెట్టుకోవాలి. ఈ ధరలో ఏ ఆటోమేటిక్ వాచీ కూడా ఐదారు వందల సెల్లు వాచీ అంత కచ్చితంగా నడవదు. సీకో తన 4ఆర్36 మిషనుకి చెప్పే హద్దు రోజుకి 45 సెకన్లు ముందు నుంచి 35 సెకన్లు వెనక వరకు. ఓరియంట్ కమాసులో ఉండే ఎఫ్6922కి 25 ముందు, 15 వెనక. చాలా వాచీలు ఇంతకన్నా బాగానే నడుస్తాయి. అయినా రోజుకి 10 సెకన్లు తేడా అంటే నెలకి 5 నిమిషాలు. వారానికోసారి సరిచేసుకోవడం బరువనిపించేవాళ్లకి కింద వేరే సలహా ఉంది.

చేతికి లేకుండా పక్కన పెడితే ఈ మిషన్లు ఇంచుమించు 40 గంటలు నడుస్తాయి. శుక్రవారం రాత్రి తీసి పక్కన పెడితే సోమవారం పొద్దుటికి ఆగిపోయి ఉంటుంది. అది చెడిపోవడం కాదు.

## నాలుగూ ఒక చోట

| | ఓరియంట్ కమాసు | సీకో 5 స్పోర్ట్స్ (ఎస్‌ఆర్‌పీడీ) | సిటిజెన్ ప్రోమాస్టర్ ఎన్‌వై0040 | సీకో ప్రాస్పెక్స్ టర్టిల్ |
|---|---|---|---|---|
| నీటి హద్దు | 200 మీ. | 100 మీ. | 200 మీ. | 200 మీ. |
| ఐఎస్‌ఓ 6425 | లేదు | లేదు | ఉంది | ఉంది |
| క్రౌన్ | మర, 3 దగ్గర | లాగేది, 4 దగ్గర | మర, 8 దగ్గర | మర, 4 దగ్గర |
| అద్దం | సఫైర్ | హార్డ్‌లెక్స్ | మినరల్ | హార్డ్‌లెక్స్ |
| వెడల్పు | సుమారు 42 మి.మీ. | 42.5 మి.మీ. | సుమారు 42 మి.మీ. | సుమారు 45 మి.మీ. |
| బెల్టు వెడల్పు | 22 మి.మీ. | 22 మి.మీ. | 20 మి.మీ. | 22 మి.మీ. |
| వారం, తేదీ | రెండూ | రెండూ | రెండూ | రెండూ |
| ధర | సాధారణంగా తక్కువ | మధ్య | మధ్య | ఎక్కువ |

ధరలు అంకెల్లో ఇవ్వలేదు. ఇవి దిగుమతి వాచీలు. పండగ సేల్‌కీ మామూలు రోజుకీ, దుకాణానికీ ఆన్‌లైన్‌కీ వేల రూపాయల తేడా వస్తుంది. వరస మాత్రం చాలావరకు ఇదే.

## ఓరియంట్ కమాసు: డబ్బుకి ఎక్కువ ఇచ్చేది

ఓరియంట్ సీకో ఎప్సన్ చేతిలో ఉన్న జపాన్ బ్రాండు. మిషన్లు సొంతంగా తయారుచేసుకుంటుంది. మాకో అనే డైవర్ వరసలో వచ్చిన కమాసులో ఈ ధరకి సాధారణంగా దొరకనివి ఒకేచోట ఉన్నాయి: సఫైర్ అద్దం, మరతో బిగిసే క్రౌన్, 200 మీటర్ల హద్దు, చేత్తో కూడా కీ ఇవ్వగల మిషను, క్రౌన్ లాగితే ఆగే సెకన్ల ముల్లు. టైముని రేడియో బీప్‌తో సెకనుకి సరిపెట్టుకునేవాళ్లకి ఈ చివరిది ఎంత ముఖ్యమో తెలుసు. కొమ్ము నుంచి కొమ్ముకి 47 మిల్లీమీటర్ల లోపే కాబట్టి మన చేతుల్లో చాలావాటికి చక్కగా కూర్చుంటుంది. నలుపు, నీలం, ఆకుపచ్చ, ముదురు ఎరుపు డయళ్లు వస్తాయి. ఎండలో ఆ ఆకుపచ్చ నిజంగా బాగుంటుంది.

లోట్లు కూడా స్పష్టంగానే ఉన్నాయి. బెజెల్ అంచు సన్నగా ఉంటుంది, తడి వేళ్లకి జారుతుంది. డైవర్‌గా దీనిలో పెద్ద లోపం ఇదే. మెరుపు ఫరవాలేదు గానీ సీకో పక్కన పెడితే తేలిపోతుంది. స్టీలు చైను తేలిక, బాడీ దగ్గర కలిసే ముక్కలు లోపల బోలుగా ఉంటాయి. కొన్న నెలలోనే చాలామంది రబ్బరు బెల్టుకో నైలాన్ బెల్టుకో మారతారు. క్రౌన్ 3 దగ్గర ఉండటం వల్ల చెయ్యి వెనక్కి వంచినప్పుడు గుచ్చుకోవచ్చు. బండి క్లచ్ పట్టుకుని ట్రాఫిక్‌లో గంట సేపు ఉండేవాళ్లు కొనేముందు మణికట్టు వెనక్కి వంచి చూసుకోవాలి.

ఐఎస్‌ఓ ముద్ర లేదు. ఈత కొలనుకీ, గోదావరిలో మునకలకీ, బీచ్‌కీ దాని అవసరం రాదు.

## సీకో 5 స్పోర్ట్స్: డైవర్ వేషంలో ఉన్న మంచి వాచీ

1996 ప్రాంతంలో మొదలైన సీకో ఎస్‌కేఎక్స్007 రెండు దశాబ్దాలకు పైగా తక్కువ ధర డైవర్లకు కొలమానంగా నిలిచింది. 200 మీటర్లు, మర క్రౌన్, ఐఎస్‌ఓ, అన్నీ ఉండేవి. 2019లో సీకో అదే ఆకారంతో కొత్త సీకో 5 స్పోర్ట్స్ వరస తెచ్చింది. మిషను మెరుగైంది: పాత 7ఎస్26కి చేత్తో కీ ఇవ్వడం కుదరదు, సెకన్ల ముల్లు ఆగదు, 4ఆర్36లో రెండూ కుదురుతాయి. వెనక వైపు అద్దం పెట్టి లోపలి మిషను కనిపించేలా చేశారు. కానీ నీటి హద్దు 100 మీటర్లకు దిగింది, మర క్రౌన్ పోయింది, డైవర్స్ అన్న మాటా పోయింది.

కాబట్టి దీన్ని రోజువారీ వాచీగా చూడండి, అప్పుడు చాలా బాగుంది. రంగులు లెక్కలేనన్ని. క్రౌన్ 4 దగ్గర ఉండటంతో చేతికి గుచ్చుకోదు. మెరుపు అద్భుతం. వాన, చేతులు కడుక్కోవడం, కొలనులో ఈత, వేటికీ భయపడాల్సిన పని లేదు. సన్నటి చేతులవాళ్లకి 38 మిల్లీమీటర్ల రకం కూడా ఉంది. ఆడవాళ్లు డైవర్ తరహా వాచీ వెతుకుతుంటే ముందు చూడాల్సింది అదేనని నాకనిపిస్తుంది.

విడిభాగాల విషయంలో దీనికి పోటీ లేదు. అద్దం, ముళ్లు, డయల్, బెజెల్, ఏది మార్చుకోవాలన్నా బయట దొరుకుతుంది. వాచీని తన చేత్తో మార్చుకోవాలనే ఉత్సాహం ఉన్న కుర్రాళ్లకి ఇంతకన్నా మంచి మొదటి వాచీ లేదు. ఒక్క జాగ్రత్త: అలా విప్పి బిగించాక నీటి పరీక్ష చేయించేదాకా దాన్ని ఏ నీళ్లలోకీ దించకండి.

## సిటిజెన్ ప్రోమాస్టర్: డైవింగ్ కోసమే గీసిన వాచీ

ఎన్‌వై0040ని మొదటిసారి చూసినవాళ్లకి క్రౌన్ తప్పు వైపు పెట్టారనిపిస్తుంది. అది ఎడమ వైపు 8 దగ్గర ఉంటుంది. పెట్టుకుని చూస్తే కారణం తెలుస్తుంది. చెయ్యి ఎంత వెనక్కి వంచినా ఏదీ తగలదు. క్లచ్ పట్టుకునేవాళ్లకి, దండీలు తీసేవాళ్లకి, రోజంతా కీబోర్డు మీద చేతులుండేవాళ్లకి ఈ నాలుగిట్లో అతి సుఖమైనది ఇదేనని గట్టిగా చెబుతాను. ఇటలీ నౌకాదళ డైవర్లు వాడిన వాచీగా దీనికి పేరుంది. ఐఎస్‌ఓ ముద్ర ఉంది. మామూలుగా రబ్బరు బెల్టుతో వస్తుంది. మన చెమటకీ ఉక్కపోతకీ అదే నయం.

మినరల్ అద్దం దీని పెద్ద లోటు. ఈ ధరకి కమాసు సఫైర్ ఇస్తుంటే మనసు కాస్త నొచ్చుకుంటుంది. రెండోది మిషను. ఈ శ్రేణి మిషన్లలో లోపలి రోటర్, అంటే చేతి కదలికకి తిరిగే బరువు బిళ్ల, ఒక వైపు తిరిగినప్పుడే స్ప్రింగుకి కీ ఇస్తుంది, రెండో వైపు ఖాళీగా తిరుగుతుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో చెయ్యి కదిపితే లోపల గరగరమని తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది. కొందరికి ఇష్టం, కొందరికి చిరాకు. 8203 మిషను ఉన్నవాటిలో క్రౌన్ లాగినా సెకన్ల ముల్లు ఆగదు. వీటికి ఓర్చుకోగలిగితే ఇది గట్టి పనివాడి వాచీ. ఇరవై ఏళ్లు వాడదలుచుకున్నవాళ్లు ధైర్యంగా తీసుకోవచ్చు.

## సీకో టర్టిల్: చేతికి నిండుగా, నీళ్లలో నమ్మకంగా

సీకో మొదటి డైవర్ వాచీ 1965లో వచ్చింది, 150 మీటర్ల హద్దుతో. 1970లలో వచ్చిన 6309 అనే మోడల్ గుండ్రటి, తాబేలు డిప్ప ఆకారంతో పేరు తెచ్చుకుంది. ఇప్పటి టర్టిల్ దాని వారసుడు. పక్క నుంచి చూస్తే అంచులు వాలుగా ఉంటాయి, కొమ్ములు పొట్టి. అందుకే 45 అని చదివి భయపడినవాళ్లు చేతికి పెట్టుకున్నాక ఆశ్చర్యపోతారు. అయినా మందం మందమే. ఫార్మల్ చొక్కా చేతుల కింద దూరదు.

బెజెల్ పట్టు, చీకట్లో మెరుపు, ముళ్ల మధ్య తేడా తెలియడం, ఈ మూడిట్లో నాలుగు వాచీల్లోకీ ఇదే ముందుంది. విశాఖ రుషికొండ దగ్గరో, అండమాన్ స్వరాజ్ ద్వీప్‌లోనో, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణిలోనో ఒకసారి దిగి, ఇక వదలకుండా డైవింగ్ నేర్చుకోవాలనుకుంటున్నవాళ్లకి నా మొదటి సలహా ఇదే. డైవ్ కంప్యూటర్ ఎలాగూ ఉండాలి. అది ఆగిపోయినా గడిచిన టైము చెప్పేందుకు చేతికి ఇంకోటి ఉండటం మంచిది.

హార్డ్‌లెక్స్ అద్దం మీద అసంతృప్తి ఉంటే కింగ్ టర్టిల్ అనే రకంలో సఫైర్ అద్దమూ సెరామిక్ బెజెలూ ఇచ్చారు, ధర ఇంకా పైకి వెళ్తుంది. సీకో 5, టర్టిల్ రెండిట్లోనూ ఉన్నది 4ఆర్36 మిషనే కాబట్టి టర్టిల్‌కి ఎక్కువ పెట్టే డబ్బు మిషనుకి కాదు, బాడీకీ క్రౌన్‌కీ నీటి పరీక్షకీ. నీళ్లలోకి దిగనివాళ్లు ఆ డబ్బు మిగుల్చుకోవడం తప్పేమీ కాదు.

## చైనా హోమేజ్‌లు, ఫస్ట్ కాపీలు

ఎన్‌హెచ్35 అనే సీకో మిషనును వేరే కంపెనీలు కూడా కొనుక్కుని వాడతాయి. దాన్ని పెట్టి, పేరున్న ఖరీదైన వాచీల ఆకారాన్ని పోలి, సొంత పేరుతో చైనా నుంచి వచ్చేవి హోమేజ్ వాచీలు. స్టీల్‌డైవ్, పగాని డిజైన్, శాన్ మార్టిన్ లాంటివి. కాగితం మీద ఇవి అందరినీ మించిపోతాయి: సఫైర్ అద్దం, సెరామిక్ బెజెల్, గట్టి చైను, అన్నీ కమాసు ధర దగ్గర్లోనే. మిషను పాడైనా ఎన్‌హెచ్35 ఎక్కడైనా దొరుకుతుంది, మంచి మెకానిక్ మార్చి ఇస్తాడు. లోటంతా అమ్మకం తర్వాత. మన ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉండదు. తేడా వస్తే తిరిగి పంపడం, కస్టమ్స్ చూసుకోవడం మన నెత్తినే. అది భరించగలిగే, వాచీల గురించి కొంత తెలిసినవాళ్లకే ఇవి సరి. మొదటి వాచీకి నేను చెప్పను.

ఫస్ట్ కాపీ అని అమ్మేవి పూర్తిగా వేరు. వేరే కంపెనీ పేరును దొంగిలించి డయల్ మీద వేస్తారు. దాని మీద 300 మీటర్లు అని ఉన్నా ఎవరూ ఏ పరీక్షా చెయ్యలేదు. ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకి కనిపించే, డయల్‌కి కొత్త రంగు వేసిన పాత సీకోలు కూడా నీళ్ల జోలికి పోకూడనివే.

## ఇంతకీ మీరు ఏ రకం?

ఆఫీసు, బండి, వారాంతం ఈత, ఎప్పుడైనా సముద్రం, ఇంతే అయితే కమాసు. గీతలు పడని అద్దమే రోజూ సంతోషపెడుతుంది. చేతి మీద బెజెల్ తిప్పడం మీకు ముఖ్యమైతే దుకాణంలో ఒకసారి తిప్పి చూశాక నిర్ణయించుకోండి.

చెయ్యి వంచే పని ఎక్కువగా ఉండి, పాత తరహా గట్టిదనం ఇష్టమైతే సిటిజెన్. నిజంగా డైవింగ్ చేస్తే, లావుపాటి వాచీ ఇష్టమైతే టర్టిల్. డైవింగ్ చేస్తారు గానీ చెయ్యి సన్నన అంటే మళ్లీ సిటిజెనే. రంగులు, అందం, మార్చుకునే సరదా ముఖ్యమైతే సీకో 5.

కానుకగా ఇచ్చేవాళ్లకి కూడా నేను సీకో 5నే చెబుతాను. పేరు అందరికీ తెలుసు, వాడటానికి ఏమీ నేర్చుకోనక్కర్లేదు. మర క్రౌన్ అలవాటు లేనివాళ్లు టైము సరిచేశాక బిగించడం మర్చిపోతారు. అప్పుడు 200 మీటర్ల వాచీ 100 మీటర్ల దానికన్నా బలహీనం.

టైము కచ్చితంగా ఉండాలి, వారానికోసారి సరిచేసే ఓపిక లేదు, నాలుగు రోజులు పెట్టుకోకపోతే ఆగిపోవడం నచ్చదు అనేవాళ్లు ఆటోమేటిక్ కొనవద్దు. సిటిజెన్‌లోనే ఎకో-డ్రైవ్ బీఎన్0150 వెలుతురుతో నడుస్తుంది, ఐఎస్‌ఓ డైవర్, సెల్లు మార్చే పని లేదు. ఇంకా తక్కువలో కావాలంటే కాసియో డ్యూరో, 200 మీటర్లు, సెల్లు వాచీ. రెండూ ఏ మొహమాటం లేకుండా కొనదగ్గవి.

## కొనే రోజు, ఆ తర్వాత

బిల్లు కట్టేముందు బెజెల్ త్రికోణం డయల్ 12కి సరిగ్గా ఎదురుగా ఉందా అని చూడండి. ఈ ధరలో వచ్చే వాచీల్లో, సీకోల్లో కూడా, కొన్నిటికి అరనిమిషం పక్కకి ఉంటుంది. కొన్నాక అది మీ కంటిని వదలదు. క్రౌన్ మర సాఫీగా పట్టుకుంటోందా, అడ్డంగా ఇరుక్కుంటోందా చూడండి. వారంటీ కార్డు మీద ముద్ర ఎవరిది, కంపెనీదా అమ్మినవాడిదా అని అడగండి. ఆన్‌లైన్‌లో చాలా చవగ్గా కనిపించే వాటికి తరచూ అమ్మినవాడి వారంటీయే ఉంటుంది. దుబాయ్ నుంచో కువైట్ నుంచో చుట్టాలతో తెప్పించుకుంటే ధర కలిసి రావచ్చు. ఆ వాచీల్లో వారం పేర్లు ఇంగ్లీషుతో పాటు అరబిక్‌లో ఉండొచ్చు, సెట్ చేసేటప్పుడు ఇంగ్లీషు వచ్చేదాకా తిప్పుకుంటే సరి. వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో మాత్రం ముందే తెలుసుకోండి.

తేదీని రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 4 మధ్య మార్చకండి. ఆ సమయంలో తేదీ మార్చే పళ్లు ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి, బలవంతంగా తిప్పితే విరగొచ్చు. ముళ్లని ముందు 6 దగ్గరికి తెచ్చుకుని ఆ తర్వాత మార్చండి. వాచీ ఉన్నట్టుండి రోజుకి నిమిషాల చొప్పున ముందుకి పరిగెడితే మొదట అనుమానించాల్సింది అయస్కాంతాన్ని. స్పీకరు, ట్యాబ్ కవరు, బ్యాగు మూత బిళ్ల దగ్గర పెట్టి ఉంటారు. వాచీ మెకానిక్ దగ్గర డీమాగ్నెటైజర్ ఉంటే నిమిషంలో సరిపోతుంది.

సముద్రంలోంచి వచ్చాక క్రౌన్ బిగించి ఉందని చూసుకుని మంచినీళ్ల కింద పట్టండి, బెజెల్‌ని రెండు మూడు చుట్లు తిప్పుతూ కడగండి. ఇసుక దాని కిందే దాక్కుంటుంది. తరచూ నీళ్లలోకి దిగేవాళ్లు ఏడాది రెండేళ్లకోసారి ఒత్తిడి పరీక్ష చేయించాలి. వెనక మూత ఎప్పుడు తీసినా, అది ఏ చిన్న పనికైనా సరే, రబ్బరు రింగు మార్చారా, ఒత్తిడి పరీక్ష మిషను మీద పెట్టారా అని అడగండి. ఆ మిషను లేదన్న దుకాణంలో డైవర్ వాచీ విప్పించకండి.